కిడ్నీ మార్పిడి అయిన నాన్నకి చేతిమీద వరసగా గడ్డలు, రెండు కోర్సులు వాడినా మానడం లేదు

ఉద్దానం_ఆడపడుచు (కవిటి దగ్గర పల్లె, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మా నాన్నకి రెండేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. అమ్మే ఇచ్చింది. కొత్త కిడ్నీని శరీరం తోసెయ్యకుండా ఇమ్యూనిటీ తగ్గించే మందులు టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 దగ్గర నిలకడగా ఉంది. తోట పని వద్దని అందరం చెబుతూనే ఉన్నాం, వినరు. కొబ్బరితోట గట్టుమీద మొగలి పొద నరుకుతుంటే కుడి ముంజేతిలో ముల్లు దిగింది. పిన్నీసుతో తీసేసుకున్నారట, మాకు చెప్పలేదు.

కొన్నాళ్లకి అక్కడ బఠాణీ గింజంత ఎర్రటి గడ్డ లేచింది. అది పగిలి పల్చటి చీము కారుతోంది. ఇప్పుడు దాని పైన మోచేతి వైపు ఒకే గీతలో ఇంకో మూడు గడ్డలు. నొప్పి పెద్దగా లేదు, జ్వరం అసలే లేదు. ఊళ్లో ఆగ్మెంటిన్ ఇచ్చారు, తర్వాత టౌన్లో సెఫిక్సిమ్ రాశారు. చీములో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే కల్చర్ రిపోర్టులో "నో గ్రోత్" అని వచ్చింది. నిన్న చూసిన డాక్టరు "టీబీ అయ్యుండొచ్చు, మందులు మొదలుపెట్టి చూద్దాం" అన్నారు. చీటీ చేతిలో ఉంది, మందులు ఇంకా కొనలేదు. చేతి ఫొటో పెట్టాను. ఏం చెయ్యమంటారు?

చర్మం_డాక్టరు (మోడరేటర్, విశాఖపట్నం)

అమ్మా, ఫొటో చూసి జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు. కానీ మీరు రాసిన తీరులో మూడు విషయాలు నాకు ముఖ్యంగా కనిపించాయి. ముల్లు దిగిన చోటే మొదలవడం. గడ్డలు చేతి మీదుగా పైకి వరస కట్టడం. మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగకపోవడం.

మామూలు సెగగడ్డలు, అంటే స్టెఫిలోకాకస్ వల్ల వచ్చేవి, ఎర్రగా వేడిగా లేచి నొప్పి పెడతాయి, వారంలో ఏదో ఒకటి తేలిపోతుంది. ఇలా నెమ్మదిగా, నొప్పి లేకుండా, లింఫు నాళాల దారి పట్టుకుని పాకేవి వేరే జాతి. నోకార్డియా అనే బాక్టీరియా ఒకటి. టీబీకి దూరపు చుట్టాలైన మైకోబాక్టీరియాలు కొన్ని: మారినం, చెలోనే, ఫార్చూయిటం, యాబ్సెసస్. వీటితోపాటు స్పోరోట్రిక్స్ అనే ఫంగస్ కూడా సరిగ్గా ఇలాగే వరస కడుతుంది. మట్టిలో, నీళ్లలో, ముళ్ల మీద, కుళ్లిన ఆకుల్లో ఉండేవే ఇవన్నీ. ఆరోగ్యంగా ఉన్నవాడికి ముల్లు గుచ్చుకుంటే చాలాసార్లు ఒంట్లోనే అణిగిపోతాయి. మీ నాన్నగారికి కొత్త కిడ్నీని కాపాడటానికి ఇచ్చే మందులే ఆ అణచివేతను ఆపేస్తున్నాయి.

టీబీ అన్న డాక్టరు గారి అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. మన దేశంలో మార్పిడి అయినవాళ్లలో టీబీ మామూలుగానే కనిపిస్తుంది, చర్మం మీద కూడా వస్తుంది. కానీ రుజువు లేకుండా "మొదలుపెట్టి చూద్దాం" అనేది మార్పిడి అయిన మనిషి విషయంలో చాలా ఖరీదైన ప్రయోగం. ముందు మార్పిడి చేసిన నెఫ్రాలజీ (కిడ్నీ డాక్టర్ల) టీముకి ఫోన్ చెయ్యండి. రేపు కాదు, ఇవాళే. ముక్క తీసి పరీక్ష చేయించాలి.

టాక్రో_నేస్తం (కిడ్నీ మార్పిడి అయినవాణ్ణి, హైదరాబాద్)

చెల్లెమ్మా, డాక్టరు గారు మర్యాదగా చెప్పారు, నేను గట్టిగా చెబుతాను. టీబీ కోర్సులో రిఫాంపిసిన్ ఉంటుంది. అది కాలేయంలో మందుల్ని కరిగించే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. మింగిన టాక్రోలిమస్ రక్తంలో నిలవదు, లెవెల్ కొద్దిరోజుల్లోనే పడిపోతుంది. చూసుకోకపోతే శరీరం కొత్త కిడ్నీ మీద తిరగబడుతుంది. నిజంగా టీబీ అయితే వాడక తప్పదు. అప్పుడు నెఫ్రాలజిస్టే టాక్రో డోసు పెంచి, తరచుగా లెవెల్ చూస్తూ నడిపిస్తారు, లేదా రిఫాబ్యూటిన్ లాంటి దానికి మారుస్తారు. బయట డాక్టరు చీటీ మీద సొంతంగా మొదలుపెట్టే మందు కాదు అది.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఇంకా ఫంగస్‌కి ఇచ్చే ఇట్రాకొనజోల్, వొరికొనజోల్, ఫ్లుకొనజోల్ లాంటివి టాక్రో లెవెల్‌ని పైకి తోసేస్తాయి. చేతులు వణుకుతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. అందుకే ఏ కొత్త బిళ్ళయినా నోట్లో వేసుకునే ముందు మార్పిడి టీముకి ఒక్క మెసేజ్. నా ఫోన్లో మా కోఆర్డినేటర్ నంబరు అన్నిటికంటే పైన ఉంటుంది.

తాటిముంజ_63 (విజయనగరం)

మా పెద్దలు ఇలాంటి కురుపులకి వేపాకు, పసుపు నూరి కట్టు కట్టేవారు. అది చెయ్యండి. లేదంటే పెద్దాసుపత్రిలో మెరోపెనెమ్ లాంటి బలమైన ఇంజెక్షన్ అడగండి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ ఇమ్యూనిటీ తగ్గించే మందులు కొన్నాళ్లు ఆపేస్తే ఒళ్ళే పోరాడుతుంది కదా?

చర్మం_డాక్టరు

పెద్దాయన మాట మీద గౌరవంతోనే ఒక్కొక్కటి చెబుతాను. పగిలిన పుండు మీద ఆకుపసరు కడితే అందులోని మట్టి క్రిములు ఇంకోసారి లోపలికి పోతాయి. ఈయన విషయంలో అది అస్సలు వద్దు. రెండు, బలమైనది అంటే అన్నిటి మీదా పనిచేసేది అని కాదు. నోకార్డియా బ్రసిలియెన్సిస్ అనే రకం, మీరన్న మెరోపెనెమ్ జాతికే చెందిన ఇమిపెనెమ్‌కి తరచుగా లొంగదు. నోకార్డియా ఫార్సినికా సెఫ్ట్రియాక్సోన్ లాంటి వాటికి లొంగదు. పేరు తెలియకుండా బలం పెంచుకుంటూ పోతే మిగిలేది కల్చర్లో ఏమీ మొలవని చీము మాత్రమే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. టాక్రో, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ ఇంట్లో కూర్చుని ఆపకండి. కొన్ని ఇన్ఫెక్షన్లలో నెఫ్రాలజిస్టు మైకోఫెనోలేట్ తగ్గిస్తారు, ఒక్కోసారి ఆపుతారు కూడా. ఆ లెక్క వాళ్లే వెయ్యాలి. ప్రెడ్నిసొలోన్ ఏళ్ల తరబడి వాడి హఠాత్తుగా మానితే అడ్రినల్ గ్రంథి అందుకోలేక మనిషి కుప్పకూలిపోవచ్చు.

అగార్_ప్లేటు (ల్యాబు మనిషిని, మైక్రోబయాలజీ, గుంటూరు)

ఈ దారంలో నేను చెప్పాల్సిన మాట "నో గ్రోత్" గురించి. రోగులూ, చాలామంది డాక్టర్లూ దాన్ని "క్రిమి లేదు" అని చదువుతారు. దాని అసలు అర్థం: మేం వేసిన తిండి మీద, మేం ఉంచిన వేడిలో, మేం చూసిన రెండు రోజుల్లో ఏదీ మొలవలేదు. అంతే.

మామూలు చీము కల్చర్ 37 డిగ్రీల్లో పెడతాం, 48 గంటలకి ఏమీ లేకపోతే రిపోర్టు రాసి ప్లేటు పారేస్తాం. నోకార్డియా రెండు రోజుల్లో రావచ్చు, రెండు మూడు వారాలూ పట్టవచ్చు. అప్పటికి ఆ ప్లేటు చెత్తబుట్టలో ఉంటుంది. మైకోబాక్టీరియం మారినం చల్లటి నీళ్లలో చేపల మధ్య బతికేది. దానికి 30 నుంచి 33 డిగ్రీలు కావాలి, 37లో సరిగా పెరగదు. చేతులు, కాళ్ల మీద కనిపించడానికి కారణం కూడా అదే, ఒంట్లో చల్లగా ఉండే భాగాలవి. ఇంకొకటి ఉంది, మైకోబాక్టీరియం హీమోఫిలం. 1978లో ఇజ్రాయెల్‌లో హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్న ఒక మహిళ పుండ్లలోంచి దాన్ని మొదటిసారి వేరుచేశారు. దానికి తక్కువ వేడితోపాటు తిండిలో ఇనుము కూడా కలపాలి. కలపకపోతే ఎన్ని వారాలు ఉంచినా రాదు. ఇమ్యూనిటీ తగ్గినవాళ్ల చర్మం మీదే ఎక్కువగా కనిపించే క్రిమి అది.

రంగు వెయ్యడంలోనూ ఇదే కథ. టీబీకి చేసే ఏఎఫ్‌బీ పరీక్షలో 20 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో రంగు కడుగుతాం. నోకార్డియా అంత ఆమ్లానికి నిలవదు, రంగు పోయి నెగటివ్‌గా కనిపిస్తుంది. 1 శాతం ఆమ్లంతో కడిగితే ఎర్రటి సన్నటి కొమ్మలు కొమ్మలుగా కనబడుతుంది. స్లయిడు మీద పది నిమిషాల పని. కానీ ఎవరైనా అడిగితేనే చేస్తాం, ఎందుకంటే రోజూ వచ్చే వందల చీములకి ఇది చెయ్యడం కుదరదు.

ఇక ఎక్కువగా చెడేది శాంపిల్ దగ్గరే. సర్జన్ ముక్క తీస్తారు, నర్సమ్మ అలవాటు ప్రకారం ఫార్మలిన్ డబ్బాలో వేస్తుంది. ఫార్మలిన్‌లో పడ్డ క్షణం నుంచి అందులో బతికున్నదంటూ ఏదీ ఉండదు. బయాప్సీకి, అంటే మైక్రోస్కోపు కింద చూడటానికి ఆ ముక్క పనికొస్తుంది, కల్చర్‌కి పనికిరాదు. మళ్లీ కోయాలి.

ఉద్దానం_ఆడపడుచు

అందరికీ చాలా థ్యాంక్స్. నెఫ్రాలజీ వాళ్లతో మాట్లాడాను. టీబీ మందులు వద్దన్నారు, రేపు విశాఖ రమ్మన్నారు. అగార్_ప్లేటు గారూ, అక్కడ నేను ఏమని అడగాలి? నేను డిగ్రీ చదివినదాన్నే కానీ డాక్టరు ముందు ఇలాంటివి అడిగితే కోప్పడతారేమోనని భయం.

అగార్_ప్లేటు

కోప్పడరమ్మా. ఇలా అడగండి: "సార్, ముక్క తీసేటప్పుడు రెండు భాగాలు చేస్తారా? ఒకటి ఫార్మలిన్‌లో బయాప్సీకి, ఒకటి స్టెరైల్ సెలైన్‌లో కల్చర్‌కి." ఈ ఒక్క వాక్యం చాలు. మిగతాది డాక్టరు గారే ల్యాబు ఫారం మీద రాస్తారు. కిడ్నీ మార్పిడి రోగి, ముల్లు గుచ్చుకుంది, నోకార్డియా, మైకోబాక్టీరియా, ఫంగస్ అనుమానం, ప్లేట్లు ఎక్కువ రోజులు ఉంచండి అని. ఫారం మీద "పస్ సి/ఎస్" (చీము కల్చర్) అని మాత్రమే ఉంటే మాకు ఏం తెలుస్తుంది? మీ నాన్నగారిది సెగగడ్డో, మొగలి ముల్లో?

దూదితో పుండు పైన తుడిచి పంపించేది వద్దు. పైపై క్రిములే వస్తాయి. ముక్క కావాలి, లేదా పగలని గడ్డలోంచి సిరంజితో లాగిన చీము.

పెన్నా_వరిచేను (నెల్లూరు)

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. నాకు మార్పిడి ఏమీ లేదు. షుగర్ ఒక్కటే, అదీ పట్టించుకోకుండా వదిలేసిన షుగర్. వానాకాలం నాట్లప్పుడు కాలి మీద పుండు, తర్వాత తొడలో గడ్డ, విపరీతమైన జ్వరం. చీము తీస్తే రిపోర్టులో సూడోమోనాస్ అని రాశారు, జెంటామైసిన్ పనిచెయ్యదు అని రాశారు. వాళ్లిచ్చిన ఇంజెక్షన్లతో జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒకచోట ఇదీ టీబీయే అన్నారు. చివరికి ఇంకో ఊళ్లో పెద్ద ల్యాబులో మెలియాయిడోసిస్ అని తేలింది. మట్టిలో, పొలం నీళ్లలో ఉంటుందట. సెఫ్టాజిడిమ్ రెండు వారాలకి పైగా నరానికి ఎక్కించారు, ఆ తర్వాత నెలల తరబడి సెప్ట్రాన్ (కో-ట్రైమాక్సజోల్) బిళ్ళలు. బిళ్ళలు మధ్యలో మానితే తిరగబెడుతుందని నాకు మూడుసార్లు చెప్పి పంపారు.

షుగర్ ఉంటే ఇమ్యూనిటీ తగ్గినట్టే అని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మా పల్లెలో షుగర్ ఉన్న రైతులందరికీ నేనే చెబుతున్నాను ఇప్పుడు.

అగార్_ప్లేటు

అన్నా, మీరు బతికి బయటపడినందుకు సంతోషం. ఇది ల్యాబుల్లో తరచుగా తప్పిపోయేదే. మెలియాయిడోసిస్ తెచ్చే క్రిమి బర్కోల్డేరియా సూడోమాలియై ప్లేటు మీద సూడోమోనాస్‌లాగే కనిపిస్తుంది. గుర్తుపట్టే ఆనవాలు మీ రిపోర్టులోనే ఉంది. జెంటామైసిన్‌కీ, కొలిస్టిన్‌కీ లొంగదు, అయినా ఆగ్మెంటిన్‌కి లొంగుతుంది. ఆక్సిడేజ్ అనే ల్యాబు పరీక్షలో పాజిటివ్ వచ్చిన క్రిమి ఏదైనా ఇలా ప్రవర్తిస్తే ల్యాబు మనిషి ఆగి ఆలోచించాలి.

ఈ జబ్బుని మొదట గుర్తించింది 1911లో రంగూన్‌లో. ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, ఆయనతోపాటు పనిచేసిన సి. ఎస్. కృష్ణస్వామి. వందేళ్లు దాటింది, మనవాడి పేరు ఆ మొదటి వ్యాసం మీదే ఉంది. ఇప్పటికీ కోస్తా కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మన దగ్గరా వానలు ముదిరాక ఈ కేసులు వస్తూనే ఉంటాయి. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు టీబీ మందులు మింగి ఉంటారు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చిన్నూ_వాళ్ళమ్మ (రాజమహేంద్రవరం)

ఇక్కడ అందరూ నెమ్మదిగా పెరిగే వాటి గురించే మాట్లాడుతున్నారు. ఇది చదివేవాళ్లలో కీమో పిల్లల తల్లులు ఉంటే నా మాట కూడా వినండి. మా బాబుకి రక్తకేన్సరు, కీమో నడుస్తోంది, తెల్ల కణాలు బాగా పడిపోయి ఉన్నాయి. పొద్దున తొడ దగ్గర ఎర్రటి మచ్చ, దోమ కుట్టిందనిపించేలా. మధ్యాహ్నానికి దాని మధ్యలో నీలం బొబ్బ. రాత్రికి నల్లగా మాడినట్టు మధ్య, చుట్టూ ఎర్ర వలయం. జ్వరం 101. వార్డులోనే ఉన్నాం కాబట్టి వెంటనే మందు ఎక్కించారు. ఎక్థైమా గాంగ్రినోసం అన్నారు, సూడోమోనాస్ రక్తంలోకి వెళ్లి చర్మం రక్తనాళాల్ని మూసేస్తుందట. బాబు ఇప్పుడు బాగున్నాడు, మచ్చ మిగిలింది.

చర్మం_డాక్టరు

తల్లీ, మీరు రాసింది చాలా అవసరమైన మాట. పైన నేను నెమ్మదిగా పాకే జాతి గురించి చెప్పాను. దీని లెక్క గంటల్లో ఉంటుంది. న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్ల కణాలు) 500 కంటే తక్కువ ఉన్న మనిషికి ఒంటిమీద నల్లబడే మచ్చ వచ్చినా, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటి నిలిచినా, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికే. చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి పోవాలన్నది కేన్సరు వార్డుల నియమం. ఇక్కడ కల్చర్ కోసం ఆగరు. రక్తం తీసుకుని వెంటనే మొదలుపెడతారు. ఉద్దానం అమ్మాయి నాన్నగారి విషయంలో మనకి ముక్క తీసేంత టైము ఉంది. రెండూ ఒకటి కావు.

హ్యూస్టన్_బాబాయ్ (టెక్సాస్)

నేనూ గంటల కథే చెబుతాను. ఇక్కడ గల్ఫ్ తీరంలో వేసవిలో విబ్రియో వల్నిఫికస్ అనే క్రిమి ఉప్పునీటిలో ఉంటుంది. మా అపార్టుమెంటులో తెలుగాయన ఒకరికి లివర్ సిర్రోసిస్. పచ్చి ఆయిస్టర్లు తిన్నారు. మర్నాటికి కాళ్ల మీద రక్తం నిండిన పెద్ద పెద్ద బొబ్బలు, బీపీ పడిపోయింది. ఐసీయూలో చాలా రోజులు ఉండి బయటపడ్డారు. లివర్ చెడినవాళ్ల రక్తంలోకి ఇది ఎక్కితే సగానికి పైగా మంది బతకరని అక్కడి డాక్టరే చెప్పారు. సముద్రపు నీళ్లలో పుండుతో దిగినా ఇదే జరుగుతుంది. మన ఆంధ్రాలో రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్లలో తాగుడు వల్ల లివర్ పోయినవాళ్లు ఉంటారు కదా, వాళ్లకి ఎవరైనా చెబుతున్నారా?

ఏటిగట్టు_శ్రీను (అమలాపురం)

చెబుతున్నవాళ్లు లేరన్నా. రొయ్య ముక్కు ముల్లు గుచ్చుకోవడం రోజూ జరిగేదే, చూసీచూడనట్టు వదిలేస్తాం. గ్లోవ్స్ తొడిగితే వల పట్టు దొరకదంటారు కుర్రాళ్లు. కనీసం లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లనైనా చెరువులో దింపొద్దని మా యజమానితో మాట్లాడతాను.

కీళ్ళనొప్పి_లక్ష్మి (ఖమ్మం)

అడగొచ్చో లేదో. మా అత్తగారికి మార్పిడి లేదు, కేన్సరు లేదు. కీళ్లనొప్పులకి పక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గర పొట్లాల్లో కట్టిన బిళ్ళలు ఏళ్లుగా తెచ్చుకుంటుంది. ఈ మధ్య మొహం గుండ్రంగా ఉబ్బింది, చర్మం కాగితంలా పల్చబడింది, చిన్న గీత పడితే నెలైనా మానదు. ఆవిడ కూడా ఈ లెక్కలోకి వస్తుందా?

చర్మం_డాక్టరు

వస్తారమ్మా, కచ్చితంగా వస్తారు. ఆ పొట్లాల్లో డెక్సామెథసోన్ లేదా ప్రెడ్నిసొలోన్ ఉందనే నా అనుమానం. మొహం ఉబ్బడం, చర్మం పల్చబడటం దాని గుర్తులే. మా ఓపీలో ఇలాంటి వాళ్లు మార్పిడి రోగులకంటే ఎక్కువ. కష్టం ఏమిటంటే, మార్పిడి అయినవాడికి తన ఇమ్యూనిటీ తక్కువని తెలుసు, ఈవిడకి తెలియదు. డాక్టరు అడిగినా "మందులేమీ వాడట్లేదు" అంటారు. ఆ పొట్లం పట్టుకుని జనరల్ ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి, పైన చెప్పిన అడ్రినల్ ప్రమాదం ఈవిడకీ ఉంది.

ఉద్దానం_ఆడపడుచు

చాలా రోజులకి రాస్తున్నాను, క్షమించండి. పగలని గడ్డ ఒకటి మొత్తం తీశారు. రెండు భాగాలు చెయ్యమని అడిగాను. సర్జన్ గారు "ఎవరు చెప్పారమ్మా, మంచి ప్రశ్న" అన్నారు. 1 శాతం ఆమ్లంతో రంగు వేసిన స్లయిడులో మర్నాడే కొమ్మల్లాంటివి కనిపించాయని ఫోన్ వచ్చింది. తర్వాత ప్లేటు మీద తెల్లగా, సుద్దపొడిలా మొలిచిందట. నోకార్డియా బ్రసిలియెన్సిస్ అని తేలింది.

నాకు అర్థం కానిది ఒకటి. చెయ్యి మీద గడ్డకి ఊపిరితిత్తుల సీటీ, బ్రెయిన్ ఎంఆర్‌ఐ రెండూ చేయించారు. తలనొప్పి కూడా లేని మనిషికి ఎంఆర్‌ఐ ఎందుకని మామయ్య గొడవ చేశాడు. రెండూ బాగానే వచ్చాయి, అది వేరే సంగతి.

అగార్_ప్లేటు

స్లయిడు చూసిన ఆ ల్యాబు మిత్రుడికి నా తరఫున నమస్కారం చెప్పండి.

ఎంఆర్‌ఐ అనవసరం కాదమ్మా. నోకార్డియా ఎక్కువసార్లు గాలితో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అక్కడి నుంచి రక్తంలో చర్మానికీ మెదడుకీ వెళ్తుంది. అంటే చర్మం మీద కనిపించేది ముల్లుతో బయటి నుంచి వచ్చిందా, లోపలి నుంచి బయటికి వచ్చిందా అనేది చూడకుండా చెప్పలేం. మెదడులో చిన్న గడ్డ ఏ లక్షణం లేకుండా కూర్చోగలదు. ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్లందరికీ అందుకే మెదడు చూడమంటారు. మెదడులో ఉంటే మందులు మారతాయి, ఒకటికి రెండు మూడు కలుపుతారు, ఏడాదిదాకా వాడతారు. మీకు బాగానే వచ్చింది కాబట్టి మామయ్యగారిని కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి.

ఉద్దానం_ఆడపడుచు

ఇప్పుడు అర్థమైంది. కో-ట్రైమాక్సజోల్ మొదలుపెట్టారు. కనీసం ఆరు నెలలు అన్నారు. ఒక సందేహం. మార్పిడి అయిన కొత్తలో కూడా ఇదే బిళ్ళ చిన్న డోసులో నాన్న వాడారు, తర్వాత ఆపేశారు. అది వాడుతూ ఉంటే ఇది వచ్చేది కాదా?

చర్మం_డాక్టరు

అలా అనుకుని బాధపడకండి. ఆ చిన్న డోసు ముఖ్యంగా న్యూమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రాకుండా ఇస్తారు. అది వాడుతున్నవాళ్లకీ నోకార్డియా వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

టాక్రో_నేస్తం

చెల్లెమ్మా, ఇప్పుడు నా హెచ్చరిక ఇంకొకటి. నాన్నగారు కొబ్బరినీళ్లు తాగుతారా?

ఉద్దానం_ఆడపడుచు

ఉద్దానంలో ఉండి కొబ్బరినీళ్లు తాగకుండానా అన్నా! రోజూ రెండు బొండాలు. ఒంట్లో బాగాలేదని ఈ మధ్య అమ్మ ఇంకా ఎక్కువ ఇస్తోంది. రోగికి మంచిదని చుట్టాలూ బొండాలే పట్టుకొస్తున్నారు.

టాక్రో_నేస్తం

ఇవాళే ఆపించండి. కో-ట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ మూత్రంలో పొటాషియం పోకుండా ఆపుతుంది. టాక్రోలిమస్ కూడా పొటాషియం పెంచుతుంది. ఆ రెండూ కలిసినచోట కొబ్బరినీళ్లు పోస్తే రక్తంలో పొటాషియం గుండె లయ తప్పేంతవరకూ పోవచ్చు. ముందుగా ఏ గుర్తూ కనిపించకపోవచ్చు, అదే ప్రమాదం. మొదలుపెట్టిన వారంలోపే పొటాషియం, క్రియాటినిన్ చేయించండి. అరటిపండు, ఎండు ఖర్జూరం, బత్తాయి రసం, పొటాషియం క్లోరైడ్ కలిసే "తక్కువ సోడియం" ఉప్పు కూడా డైటీషియన్‌ని అడిగాకే.

క్రియాటినిన్ కొంచెం పెరిగితే కంగారుపడకండి. ఈ బిళ్ళ క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారిని మూస్తుంది, కిడ్నీ దెబ్బతినకపోయినా అంకె పెరగొచ్చు. అది నిజమైన పెరుగుదలా కాదా అన్నది మాత్రం నెఫ్రాలజిస్టే తేల్చాలి. ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం వస్తే బిళ్ళ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సల్ఫా మందులు పడనివాళ్లలో అది ప్రాణం మీదికి వస్తుంది.

ఉద్దానం_ఆడపడుచు

అన్నా, మీరు రాసిన మర్నాడే పరీక్ష చేయించాం. పొటాషియం 5.8. ఆ సాయంత్రమే విశాఖలో చేర్చుకున్నారు. ఈసీజీ తీసి, పొటాషియం తగ్గించే పొడి కలిపి తాగించి, బిళ్ళ డోసు సరిచేశారు. ఇప్పుడు 4.9. బొండాలు తెచ్చే చుట్టాలకి అమ్మ గుమ్మంలోనే చెప్పేస్తోంది. గడ్డలు మూడూ చదునుగా అయ్యాయి, చీము లేదు. డాక్టరు గారు మైకోఫెనోలేట్ కొంచెం తగ్గించారు, టాక్రో లెవెల్ సరిపోయింది.

నాన్న తోటకి వెళ్లనంటున్నారు. నమ్మకం లేదు కానీ పొడుగు చేతుల చొక్కా, మందపాటి తోలు గ్లోవ్స్, గమ్‌బూట్లు కొనిపెట్టాను. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి నాకు చెప్పాలి, సొంతంగా పిన్నీసు పెట్టకూడదు అని ఒట్టు వేయించుకున్నాను.

కొత్త_సభ్యుడు_గుడివాడ

ఈ దారం మొత్తం చదివి సభ్యత్వం తీసుకున్నాను. మా అన్నయ్య చేపల చెరువులో పనిచేస్తాడు, కీళ్లవాతానికి అడాలిముమాబ్ అనే, ఇమ్యూనిటీ తగ్గించే ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాడు. వేళ్ల మీద, మణికట్టు మీద ఎర్రటి గట్టి బొబ్బలు, రెండు నెలలు దాటింది. బయాప్సీలో "ఏఎఫ్‌బీ పాజిటివ్, గ్రాన్యులోమా" అని వచ్చింది. టీబీ మందులు రేపటి నుంచి అన్నారు. మీ చర్చ చదివాక ఆగాలా వద్దా తెలియడం లేదు.

అగార్_ప్లేటు

తమ్ముడూ, గ్రాన్యులోమా అంటే ఒంటి రక్షణ కణాలు ఒకచోట ముద్దకట్టడం. ఏఎఫ్‌బీ పాజిటివ్ అంటే ఆమ్లానికి నిలిచే క్రిమి ఉంది అని మాత్రమే. ఆ కుటుంబంలో టీబీ ఒకటి, కుష్ఠు ఒకటి, మారినం, చెలోనే లాంటివి ఎన్నో. చేపల చెరువు, వేళ్లు, మణికట్టు అన్నారు కాబట్టి మారినం పేరు డాక్టరు ముందు తప్పకుండా ఎత్తండి. దానికి రిఫాంపిసిన్, ఎథాంబ్యుటాల్ కొంత పనిచేస్తాయి, ఐసోనియజిడ్, పైరజినమైడ్ పనిచెయ్యవు. చెలోనే, యాబ్సెసస్ అయితే మామూలు టీబీ మందుల్లో ఏదీ పనికిరాదు. అందుకే పేరు తెలియాలి. అయితే అడాలిముమాబ్ వాడేవాళ్లకి నిజమైన టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువే, దాన్ని కొట్టిపారేయకండి. ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూడాలి. ఈలోపు తర్వాతి ఇంజెక్షన్ వేయించుకునే ముందు దాన్ని రాసిన డాక్టరుకి ఈ రిపోర్టు చూపించాలి.

బయాప్సీ ముక్క మొత్తం ఫార్మలిన్‌లోకే వెళ్లిందా, సెలైన్‌లో కొంత ఉందా అని ఆ ల్యాబుకి ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. సెలైన్‌లో ఉంటే జీన్‌ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) చేయించమనండి. స్లయిడులో క్రిములు దండిగా కనిపించి, అందులో టీబీ నెగటివ్ వస్తే వేరే మైకోబాక్టీరియం అనే అనుమానం బలపడుతుంది. 37లో ఒక కల్చర్, 30లో ఒక కల్చర్ పెట్టమనండి. మొత్తం ఫార్మలిన్‌లోకే వెళ్లి ఉంటే, మందులు మొదలయ్యేలోపు ఇంకో చిన్న ముక్క తీయడం కుదురుతుందేమో డాక్టరు గారిని అడగండి. రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టండి, ఊరు, ఆసుపత్రి పేర్లు తీసేసి.